అరువు గోల్‌కీపరు

రెడ్‌పైన్ ఊళ్ళో మంచు మీద హాకీ ఆడే హాల్లో తూర్పు గేటు పక్కనున్న రెండు సీట్లను ఎవరికీ అమ్మేవారు కాదు. ఒకదాంట్లో తౌనో నిస్కానెన్ కూర్చునేవాడు. రెండోదాంట్లో అతని సంచి కూర్చునేది. సంచి అంటే కూరలు తెచ్చుకునే సంచి కాదు. గుర్రపు వెంట్రుకలు కుక్కిన కాలి ప్యాడ్లు, ఛాతీకి కట్టుకునే దళసరి మెత్త, తోలు తొడుగులు, స్కేట్లు, అన్నీ పట్టే కాన్వాసు మూట. దూరం నుంచి చూస్తే మనిషి పక్కన మనిషి కూర్చున్నట్టే ఉండేది.

"ఏం టోనీ, ఇవాళ కూడా మీ ఆవిణ్ణి ఆటకు తీసుకొచ్చావా?" అని పై వరసలోంచి ఎవడో ఒకడు అరిచేవాడు.

"కాస్త ఒళ్ళు చేసినట్టుందిరోయ్, బాగా మేపుతున్నాడు!" అని ఇంకొకడు అందుకునేవాడు.

తౌనో టై ముడి సవరించుకుని మంచు వైపు చూస్తూ ఉండేవాడు. ఆ ఊళ్ళో ఫిన్నులకు, అంటే అతనిలాంటి వలస కుటుంబాలవాళ్ళకు తప్ప ఇంకెవరికీ అతని పేరు నోరు తిరగదు. తిరుగుతుందో లేదో ప్రయత్నించి చూసినవాళ్ళూ లేరు. టోనీ అన్నారు, అతనూ పలికాడు. పలికినవాడికి అదే పేరవుతుంది.

ఆ రోజుల్లో జట్టుకు ఒక్కడే గోల్‌కీపరు. ఇద్దర్ని పోషించే స్తోమత ఏ జట్టు యజమానికీ లేదు, ఉన్నవాడికి మనసు లేదు. ముఖానికి ముసుగు అన్న ఊసే లేదు. రబ్బరు బిళ్ళ వచ్చి మూతి మీద తగిలితే ఆట ఆపేవారు, లోపలికి తీసుకెళ్ళి కుట్లు వేసేవారు, తెచ్చి మళ్ళీ గోల్ ముందు నిలబెట్టేవారు. కుట్లకు లొంగని దెబ్బ తగిలినప్పుడు మాత్రం అరువు గోల్‌కీపరు కావాలి. అతన్ని సిద్ధంగా ఉంచాల్సింది ఆట జరిగే ఊరేనని లీగు కట్టడి. ఎవరి గోల్‌కీపరు పడిపోతే వాళ్ళ చొక్కా తొడుక్కుని అతను వెళ్ళి నిలబడాలి. సొంత ఊరివాళ్ళైనా సరే, వాళ్ళ మీదికి వచ్చినవాళ్ళైనా సరే. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అనే సామెతను ఈ ఉద్యోగం చూసే పుట్టించి ఉంటారు.

తౌనో అలా ఆరు చలికాలాలు కూర్చున్నాడు. ఒక్కసారీ పిలుపు రాలేదు. ఆ ఆరేళ్ళూ రెడ్‌పైన్‌కు వచ్చిన గోల్‌కీపర్లందరివీ గట్టి తలకాయలు.

అతను పుట్టింది ఆ చుట్టుపక్కల అడవిలోనే, దుంగలు కొట్టేవాళ్ళ గుడిసెలో. మంచు కరిగే కాలంలో తండ్రి దుంగల్ని నదిలో తేల్చుకుపోతూ కాలుజారి వాటి కిందికి వెళ్ళాడు, మళ్ళీ పైకి రాలేదు. తల్లి ఫిన్నుల సంఘం హాల్లో వంట చేసి కొడుకును పెంచింది. పిల్లాడికి నోరు లేదు, పరుగూ లేదు. అందుకని సరస్సు గడ్డకట్టినప్పుడు తక్కిన పిల్లలు వాణ్ణి గోల్ ముందు నిలబెట్టారు. అక్కడ నిలబడితే ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. ఆ చోటు వాడికి నచ్చింది.

తర్వాత నికెల్ గనిలో పని. ఆ తర్వాత యుద్ధం. యుద్ధం నుంచి తిరిగొచ్చేసరికి తల్లి లేదు. ఫిన్నుల హాల్లో నాటకాలాడే హెల్మి అనే అమ్మాయి ఉండేది. ఆమెతో ఒక మాట చెప్పాలని అతను రెండేళ్ళు అనుకున్నాడు. అనుకుంటూ ఉండగానే ఆమె ఇంకొకణ్ణి పెళ్ళాడి రైలెక్కింది. తౌనోకు కోపం రాలేదు. అడగని ప్రశ్నకు జవాబు రాలేదని ఎవరి మీద కోపగించుకుంటాడు?

హాకీ హాల్లో పనివాడు కావాలంటే చేరాడు. మంచు గీకడం, పీపాతో వేడినీళ్ళు లాక్కుంటూ పలచగా పోసి దాన్ని నున్నగా చేయడం, బాయిలరు మండించడం. వాటితోపాటు ఉదయం సాధనలో గోల్ ముందు నిలబడడం కూడా అతని పనే. అసలు గోల్‌కీపరు రోజూ దెబ్బలు తింటే ఆటనాటికి ఏం మిగులుతాడు? కాబట్టి జట్టంతా టోనీ మీద కొట్టేది. వాళ్ళ లెక్కలో అది గోడ మీద కొట్టడమే. గోడ ముఖం ఎవరు చూస్తారు?

గోడ మాత్రం వాళ్ళను చూసేది. ఎవడు తాగి వచ్చాడో, ఎవడికి ఇంట్లో గొడవైందో, ఎవడు భయపడుతున్నాడో కర్ర పట్టిన పట్టు చూస్తేనే తౌనోకు తెలిసిపోయేది. ఓవిలా తెబెర్జ్ అని ఫ్రెంచి ఆటగాడు ఒకడుండేవాడు. జట్టులో అందరికంటే పెద్ద, మోకాలు పాడైనవాడు. బిళ్ళను పైకి లేపి కొట్టే ముందు ఓవిలా ఎడమ భుజం వేలెడంత కిందికి దిగుతుంది. ఆ సంగతి ఓవిలాకు కూడా తెలియదు. కట్టుకున్న భార్యలకు కూడా ఆ మగవాళ్ళ గురించి అంత తెలిసి ఉండదు. తిరిగి వాళ్ళలో ఒక్కడికైనా తౌనో ఎక్కడ ఉంటాడో, ఏం తింటాడో తెలుసా అంటే తెలియదు.

పై ఊళ్ళలో ఆట ఉన్నప్పుడు అరువు గోల్‌కీపరు వెళ్ళే పని లేదు. అక్కడి ఊరికి అక్కడి అరువు మనిషి ఉంటాడు. తౌనో కర్రల కట్టలు బస్సెక్కించి, గేటు తీసి నిలబడేవాడు. "హాలు జాగ్రత్త టోనీ!" అని ఒకరిద్దరు చెయ్యి ఊపేవారు. బస్సు మలుపు తిరిగాక కూడా అతను కాసేపు గేటు పట్టుకునే ఉండేవాడు. ఆ తర్వాత లోపలికెళ్ళి, ఎవరూ తొక్కని మంచును మళ్ళీ నున్నగా చేసేవాడు.

ఆ సాయంత్రాలు ఐలి పిన్ని వంటింట్లో గడిచేవి. ఐలి పిన్ని ఫిన్నుల వీధిలో భోజనంతో సహా గదులు అద్దెకిచ్చే విధవరాలు. అతను రేడియోకు చెవి ఆనించి ఆట వినేవాడు, ఆమె మేజోళ్ళు అల్లేది. ఆమెకు హాకీ ఒక్క ముక్క తెలియదు.

"ఎవరు గెలిచారు నాయనా?" అని అడిగేది చివర్లో.

"మనవాళ్ళే పిన్నీ."

"మనవాళ్ళంటే? ఫిన్నులా?"

"కాదు. మా జట్టు."

"నీకు జట్టెక్కడిది?" అనేది ఆమె. ఎత్తిపొడుపేం కాదు, తెలియకే అడిగేది. అతను మాత్రం ఆ రాత్రి యాలకుల రొట్టె సగంలో వదిలి లేచేవాడు.

అతనికి ఒక్కటే కోరిక. ఏటా మార్చిలో జట్టు మంచు మీద వరసలు కట్టి ఫోటో దిగేది. దాన్ని చట్రం కట్టించి హాలు నడవలో తగిలించేవారు. మేకు కొట్టేది తౌనోయే. ఊరి జట్టు పుట్టిన దగ్గర్నుంచి అందులో ఆడినవాళ్ళందరూ ఆ గోడ మీద ఉన్నారు. బూట్లు తుడిచేవాడు ఉన్నాడు, ఒక ఏడాది కోచ్ కుక్క కూడా ఉంది. అరువు గోల్‌కీపరు లేడు. అతను ఏ జట్టువాడూ కాదు కదా, ఏ చొక్కా తొడిగి నిలబెడతారు? ఓసారి గుండె దిటవు చేసుకుని కోచ్ గిల్‌క్రిస్ట్‌ను అడిగాడు. "వచ్చే ఏడు చూద్దాంలే టోనీ" అన్నాడు గిల్‌క్రిస్ట్. అలా మూడు 'వచ్చే ఏళ్ళు' గడిచాయి.

పందొమ్మిదివందల యాభైనాలుగు మార్చి నెలలో, ఆ చలికాలపు లీగు చివరి ఆటకు పోర్ట్ డెల్మర్ జట్టు రెడ్‌పైన్‌కు వచ్చింది. నాలుగో స్థానం కోసం రెండు జట్ల మధ్యా వెంట్రుకవాసి తేడా. నాలుగో స్థానం దక్కినవాళ్ళకు కప్పు పోటీలు, దక్కనివాళ్ళు సామాన్లు సర్దుకోవడమే. డెల్మర్‌కు ఆట సమంగా ముగిసినా చాలు. రెడ్‌పైన్ గెలిచి తీరాలి. గనిలో ఆ సాయంత్రం దిగాల్సినవాళ్ళలో సగం మందికి హఠాత్తుగా కడుపునొప్పి వచ్చింది. ఆ కడుపునొప్పులన్నీ హాల్లో కూర్చుని ఉన్నాయి.

ఆట మూడు భాగాలు. రెండో భాగం మధ్యలో, స్కోరు చెరొకటి ఉండగా, డెల్మర్ గోల్‌కీపరు కంటి మీద బిళ్ళ తగిలింది. అతను మోకాళ్ళ మీద కూలబడి రెండు చేతులతో ముఖం పట్టుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి రక్తం మంచు మీద పడింది. రేపు ఆ చోట లోతుగా గీకాలి అనుకున్నాడు తౌనో. అలవాటు అలాంటిది. డాక్టరు తల అడ్డంగా ఊపడం, రిఫరీ తూర్పు గేటు వైపు చూడడం ఆ తర్వాత జరిగాయి. హాలు హాలంతా అతని వైపు తిరిగింది.

తౌనో లేచి నాలుగడుగులు వేశాడు. సంచి మరిచిపోయాడు.

"ఆవిణ్ణి వదిలేసి పోతున్నావేంట్రా టోనీ!" అని అరిచారు వెనక నుంచి. జనం గొల్లుమన్నారు. వెనక్కొచ్చి సంచి భుజానికెత్తుకున్నాడు.

డెల్మర్ గదిలో కోచ్ అతనికి ఆకుపచ్చ చొక్కా ఒకటి అందించాడు. చేతులు పొడుగు, మెడ దగ్గర రక్తపు తడి ఇంకా ఆరలేదు.

"నీ పేరేంటి?" అని అడిగాడు.

"తౌనో నిస్కానెన్."

"చూడు తౌనో, ఇది నీ సొంతూరని తెలుసు. నిలబడతావా?"

"నిలబడతాను."

ఈ హాల్లో ఆరేళ్ళుగా ఎవరూ పలకని పేరును పొరుగూరివాడు ఒక్కసారి విని పలికేశాడు. తౌనో ప్యాడ్ల పట్టీలు ఒక్కొక్కటే బిగించి కట్టుకున్నాడు.

ఆ తర్వాత ఏం జరిగిందో ఆ హాల్లో ఉన్నవాళ్ళు చాలాకాలం చెప్పుకున్నారు, కాకపోతే తప్పుగా చెప్పుకున్నారు. సొంత ఊరి ఎర్ర చొక్కాలవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చి కొట్టారు. రోజూ ఉదయం కొట్టినవాళ్ళే, రోజూ కొట్టే దెబ్బలే. తౌనో అన్నింటినీ ఆపాడు. ప్యాడుతో, తొడుగుతో, కర్రతో, ఒకసారి గడ్డంతో. మొదట జనం నవ్వారు. కాసేపటికి నవ్వడం మానేశారు. ఆ తర్వాత తిట్లు మొదలయ్యాయి.

"ఒరేయ్ టోనీ! ఎవరి రొట్టె తింటున్నావురా?"

"కాస్త పక్కకు జరగరా గోడా!"

తౌనోకు ఆ అరుపులు దూరంగా ఎక్కడో వినిపిస్తున్నాయి. అతను సంతోషంగా ఉన్నాడు. పుట్టి బుద్ధెరిగాక అంత సంతోషం ఎరగడు. ఇంతకాలం వాళ్ళను చూస్తూ, నేర్చుకుంటూ, మనసులో దాచుకున్నదంతా ఈ ఒక్క సాయంత్రం కోసమే అనిపించింది. ఇదిగో చూడండి, మీరెలా ఆడతారో నాకు తెలుసు, నేనొకణ్ణి ఉన్నాను అని వాళ్ళకు చెప్పుకుంటున్నట్టే ఉంది. అది పగ కాదు, ప్రేమకు దగ్గర చుట్టం.

మూడో భాగానికి ముందు విరామం. డెల్మర్ గదికి వెళ్ళే దారి బాయిలరు గది మీదుగా. ఆ మలుపులో గిల్‌క్రిస్ట్ నిలబడి ఉన్నాడు.

"బాగా ఆడుతున్నావు టోనీ. మరీ బాగా ఆడుతున్నావు." అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకం కాదు నువ్వు, నాకు తెలుసు. ఒక్కటి చాలు. నీకు తెలిసిన దెబ్బే, కాస్త ఆలస్యంగా కదులు, అంతే. సోమవారం ఫోటో. మన ఎర్ర చొక్కా తొడిగి మధ్యలో నిలబెడతా నిన్ను. మాట ఇస్తున్నా."

తౌనో అతని ముఖంలోకి చూశాడు. ఒక్క మాట మాట్లాడలేదు.

ఫిన్ను నోరు విప్పలేదంటే కాదన్నట్టు. పైకి కాదంటే ఎదుటివాడి ముఖం చిన్నబోతుందని మౌనంగా ఊరుకుంటాడు, ఆ ఊరుకోవడమే జవాబు. ఫిన్నుల వీధిలో కట్టెల బేరం ఆడినవాళ్ళెవరికైనా ఈ సంగతి తెలుసు. గిల్‌క్రిస్ట్ తూర్పు నుంచి వచ్చినవాడు, మౌనం అర్ధాంగీకారమని నమ్మే రకం. తౌనో భుజం తట్టి, తృప్తిగా వెళ్ళిపోయాడు.

మూడో భాగం చివరిదాకా చెరొకటే. ఇక ఆట ముగుస్తుందనగా బిళ్ళ ఓవిలా కర్రకు తగులుకుంది. క్రిస్మస్ తర్వాత ఓవిలా ఒక్క గోల్ కొట్టలేదు. "తాతా, మంచం ఎక్కు!" అని సొంత ఊరివాళ్ళే కేకలేస్తున్న మనిషి. అతను కుంటుతూనే దూసుకొచ్చాడు. ఎడమ భుజం దిగింది. పైకి కొడతాడు అని తౌనో ఒళ్ళంతటికీ తెలుసు, లేచాడు. ఓవిలా కొట్టలేదు. ఆ పాడు మోకాలి మీదే గిర్రున తిరిగి, కర్ర వెనక వైపుతో, బిళ్ళను నేల మీద నుంచే తోశాడు. ఆరేళ్ళలో తౌనో ఎప్పుడూ చూడని దెబ్బ. కాలు చాచాడు. బిళ్ళ బూటు అంచు దాటి వెళ్ళిపోయింది.

హాలు కప్పు లేచిపోయిందా అన్నట్టు అరుపులు. తౌనో గోల్‌లోంచి బిళ్ళను తీసి చేతిలో పట్టుకున్నాడు. ఓడినందుకు బాధగానే ఉంది, కానీ ఎంత చక్కటి దెబ్బ! దాన్ని అంత దగ్గరగా చూసింది తనొక్కడే.

ఆట ముగిశాక డెల్మర్ కోచ్ అతని ముందుకొచ్చి నిలబడ్డాడు.

"చొక్కా విప్పు."

తౌనో విప్పి ఇచ్చాడు.

"అంతసేపు ఆడి చివర్లో వదిలావు చూడు, దానికంటే మొదట్లోనే పడుకుని ఉంటే బాగుండేది" అని ఆ పెద్దమనిషి కింద ఉమ్మేసి వెళ్ళిపోయాడు. ఈసారి పేరు పెట్టి పిలవలేదు.

తౌనోకు అప్పటికి అర్థం కాలేదు. గేటు దగ్గర జనం అతన్ని భుజాలకెత్తుకుని బీరు కొట్టుకు లాక్కుపోయారు. బెంచీ మీద ఇటొకడు అటొకడు ఆనుకుని కూర్చున్నారు. ఒకడు మెడ చుట్టూ చెయ్యి వేశాడు. అంతమంది మధ్య కూర్చోవడం అతనికి అదే మొదలు. తన ఆట మెచ్చుకుంటున్నారనుకుని సిగ్గుపడ్డాడు కూడా.

"బిళ్ళ కిందుగా వస్తుంటే నువ్వు పైకి లేచావు చూడు, నాటకమంటే అదిరా!" అన్నాడు ఒకడు, కన్ను గీటి.

"అన్నీ ఆపి, సరిగ్గా కావలసినప్పుడు ఒక్కటి. ఎవడికీ అనుమానం రాకుండా! మావాడే, మా టోనీ!"

తౌనో గ్లాసు కింద పెట్టాడు. "నేను వదల్లేదు" అన్నాడు.

బల్ల చుట్టూ నవ్వులు పగిలాయి. "అలాగే చెప్పు! ఎవడడిగినా అలాగే చెప్పాలి!"

ఎంత గట్టిగా చెబితే అంత గట్టిగా నవ్వారు. అతను చెప్పడం మానేశాడు.

ఊరి మగవాళ్ళు అలా నెత్తిన పెట్టుకుంటే, ఫిన్నుల వీధి ఇంకోలా పుచ్చుకుంది. శనివారం ఆవిరిగదిలో అతను వెళ్ళి చెక్క మీద కూర్చోగానే పక్కనున్న పెద్దాయన లేచి కింది మెట్టుకు దిగాడు. ఎప్పుడూ అతని వంతు వచ్చేసరికి కాగిన రాళ్ళ మీద నీళ్ళు పోసి ఆవిరి లేపేవాళ్ళు ఆ రోజు పోయలేదు. ఎవరూ ఏమీ అనలేదు. ఫిన్నులు కదా, ఏమీ అనకపోవడమే వాళ్ళ తిట్టు. మోసం చేశాడని కొందరు ఎత్తుకున్నారు, మోసం చేశాడనే కొందరు దించేశారు. చెయ్యలేదని నమ్మినవాడు ఒక్కడు లేడు.

ఐలి పిన్ని కాఫీ పోసింది గానీ యాలకుల రొట్టె బల్ల మీద పెట్టలేదు. రేడియోలో ఆట చెప్పేవాడు "టోనీ మనవాడే కదండీ!" అని నవ్వడం ఆమె కూడా వింది. కాఫీ తాగుతున్నంతసేపూ అతని వైపు చూస్తూనే ఉంది. అడగాల్సిన మనిషి అడగలేదు. చెప్పాల్సిన మనిషి చెప్పలేదు.

సోమవారం ఉదయం తౌనో బాయిలరు ముందు ప్యాడ్లు ఆరబెడుతుండగా ఓవిలా వచ్చాడు. అంతకు ముందెప్పుడూ అతను ఆ గదిలోకి అడుగుపెట్టలేదు. తలుపు మూసి, తిరగేసిన పీపా మీద కూర్చుని, మోకాలు రుద్దుకున్నాడు.

"ఒక్కటి అడుగుతా, నిజం చెప్పాలి. వదిలేశావా?"

"లేదు."

"కోచ్ నీతో మాట్లాడాడటగా?"

"మాట్లాడాడు. నేను మాట్లాడలేదు."

ఓవిలా పీపాను ముందుకు జరుపుకున్నాడు. "మరెలా పోయింది?"

తౌనో చేతిలోని ప్యాడు కింద పెట్టాడు. "పైకి కొట్టే ముందు నీ ఎడమ భుజం దిగుతుంది. ఎప్పుడూ అంతే. దిగింది, లేచాను. నువ్వు తిరిగావు. ఆ దెబ్బ నేనెప్పుడూ చూడలేదు. ఎక్కడిది అది?"

"నా భుజం దిగుతుందా?" ఓవిలా తన భుజం తానే ముట్టుకుని చూసుకున్నాడు. తర్వాత మెల్లగా నవ్వాడు. "చిన్నప్పుడు మా ఊరి నది మీద మా అన్నయ్య నేర్పాడు. ఈ మోకాలితో అది ఒక్కసారే కొట్టగలను, సాధనలో కొడితే ఇక ఆట ఉండదు. అందుకని దాచుకున్నా. ఆ రాత్రి నుంచి సరిగ్గా నడవలేకపోతున్నా చూడు."

"చక్కటి దెబ్బ" అన్నాడు తౌనో. "కాలు చాచినా అందలేదు."

ఓవిలా కళ్ళు తడిశాయి. దాచుకోలేదు. "నా ఆట అయిపోయింది తౌనో. వచ్చే ఏడు నన్ను ఎవరూ పిలవరు. ఇరవై ఏళ్ళుగా ఆడుతున్నా, నేను కొట్టినవాటిలో మంచి గోల్ అదే. బీరు కొట్టులో ఏమంటున్నారో విన్నావా? టోనీ దయతలిచి ముసలాడికి ఒక గోల్ ఇచ్చాడట."

"చెప్పాను వాళ్ళకు. నవ్వారు."

మేకుకు ఎర్ర చొక్కా వేలాడుతోంది, ఆ ఉదయమే కోచ్ పంపించాడు. కొత్తది, మడతలు కూడా పోలేదు. ఇద్దరూ దాని వైపే చూశారు.

"అది ఎందుకిస్తున్నారో నీకు తెలుసు" అన్నాడు ఓవిలా లేస్తూ. "నువ్వది తొడుక్కుని ఫోటోలో నిలబడితే ఆ గోల్ నాది కాదనే కదా లెక్క. తొడుక్కోవద్దని నేననను. అనే హక్కు నాకు లేదు. ఇన్నేళ్ళుగా నీ మీదికి బిళ్ళలు విసరడం తప్ప మేం నీకేం చేశాం?"

అతను వెళ్ళిపోయాక తౌనో చొక్కా తీసి చేతుల్లో పట్టుకున్నాడు. మెత్తటి ఉన్ని. ముఖానికి ఆనించుకున్నాడు. ఎవరూ లేరు కదా, కాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత తొడుక్కున్నాడు. ఎవరేమన్నా సరే, నాకిది కావాలి అనుకున్నాడు. అనుకోవడంలో తప్పేముంది? ఆరేళ్ళు సంచి పక్కన కూర్చున్నవాడికి తెలుస్తుంది ఆ ఆశ ఎంతటిదో.

మంచు మీద రెండు వరసలు కట్టారు. ఫోటో తీసేవాడు మూడుకాళ్ళ స్టాండు సర్దుకుంటున్నాడు. తౌనో వెనక వరస చివర, ఓవిలా పక్కకు వెళ్ళి నిలబడ్డాడు. రెండు భుజాలూ తగులుతున్నాయి. ఫోటోలో భుజాలు అలా తగులుతాయని ఇన్నేళ్ళూ గోడ మీద చూడడమే గానీ వెచ్చగా ఉంటుందని అతనికి తెలియదు.

"మధ్యకి రా టోనీ!" అన్నాడు గిల్‌క్రిస్ట్ ముందు వరసలోంచి. "మనకు కప్పు పోటీలు ఇప్పించినవాడు చివర్న నిలబడతాడా?"

జట్టంతా నవ్వింది. ఎవడో ఈల వేశాడు. తౌనో పక్కకు చూశాడు. ఓవిలా తల దించుకుని తన స్కేట్లను చూసుకుంటున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"కోచ్" అన్నాడు తౌనో. గొంతు హాలంతా మారుమోగింది, అతనే ఉలిక్కిపడ్డాడు. "నేను వదల్లేదు. ఓవిలా కొట్టాడు. నేను ఆపలేకపోయాను."

"సరే సరే, మాకందరికీ తెలుసులే!" మళ్ళీ నవ్వులు.

తౌనో ఎర్ర చొక్కాను తల మీదుగా విప్పాడు. చేతులు లోపలికి మడిచి, కొట్టులో మడిచినట్టు జాగ్రత్తగా మడిచి, గిల్‌క్రిస్ట్ చేతుల్లో పెట్టాడు.

"ఇది గోల్ వదిలినవాడిదండి. నాది కాదు."

ఈసారి నవ్వు సగంలో ఆగింది. ఎవరూ ఏమీ అనకముందే అతను బనీనుతో గేటు వైపు నడిచాడు. చలి ఒళ్ళంతా కొరికింది. వెనక్కి తిరిగి చూడలేదు, చూస్తే కాళ్ళు ఆగిపోతాయని తెలుసు. గేటు దాటి పార చేతిలోకి తీసుకున్నాడు.

"దగ్గరకు జరగండయ్యా" అంటున్నాడు ఫోటో తీసేవాడు. "చివర్న ఆ ముసలాయన పక్కన ఖాళీ కనిపిస్తోంది. ఇలా జరగండి, ఇలా."

ఎవరూ కదల్లేదు. అంతలో ఓవిలా గొంతు వినబడింది.

"అక్కడ మనిషున్నాడు. నువ్వు తియ్యవయ్యా."

తౌనో గేటు వెనక పార పట్టుకుని నిలబడ్డాడు. వాళ్ళు ఫోటో దిగాక మంచు గీకాలి.